కాటా గదిలో ఒక మాట

జూన్ నెల. చిత్తూరు బైపాసు.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి గుడిపాల దోవ పొడుగునా
ట్రాక్టర్లు.
నేను కాటా గుమాస్తాని.
రాత్రి రెండింటికి కునుకు రాకుండా
డబ్బాకి అంటించే లేబులు తీసి చదువుకుంటా:
మ్యాంగో పల్ప్. తోతాపురి రకం.
నికర బరువు మూడు కిలోల నూరు గ్రాములు.

తొక్క తీసే వరసలో మూడో మనిషి, పొన్నియమ్మ,
గుడియాత్తం నుంచి కోడలై వచ్చి ముప్పై ఏండ్లు,
కోపమొస్తే ఇప్పటికీ అరవమే.
నా చేతిలో కాగితం చూసి
"ఏంది సార్ అట్ల చూస్తా ఉండారు?
అది మా అమ్మగారింటి మాటే కదా. మాంగాయ్."
అనేసి కత్తి కడుక్కోను పోయింది.

ఇంటికి పోయి పాప డిక్షనరీ తీశాను.
పొన్నియమ్మే రైటు.
మలబారు రేవులో, మిరియాల మూటల పక్కన
పోర్చుగీసువాడు వేలు పెట్టి అడిగుంటాడు.
చెట్టుని అడిగాడో, కొమ్మని అడిగాడో,
చెప్పినవాడి చేతిలో మాత్రం పచ్చికాయే ఉన్నట్టుంది.
మా అంటే చెట్టు. కాయ్ అంటే కాయే.
పండితే ఇంకో పేరుందయ్యా అని
చెప్పేలోపల ఓడ కదిలింది.
అప్పట్నుంచి లండన్లో
మోచేతి దాకా రసం కారే పండుని కూడా
కాయ అనే పిలుస్తా ఉండారు, పాపం.

ఇంకో తమాషా.
ఆరు నెలల సముద్రానికి పండు ఓర్చుకోదు కదా,
ఉప్పులో మునిగిన జాడీలే అక్కడికి చేరినాయి.
దాంతో వాళ్ళకి మ్యాంగో అంటే ఊరగాయ.
దోసకాయని ఊరేస్తే అదీ మ్యాంగో,
పీచ్ పండుని ఊరేస్తే అదీ మ్యాంగో,
చివరికి ఊరెయ్యడమే మ్యాంగో.
అమెరికాలో కొన్ని ఊళ్ళల్లో ముసలోళ్ళు
బెంగుళూరు మిరపకాయని
ఆ పేరుతోనే అడుగుతారంట.

ఒక్కణ్ణే నవ్వుకున్నాను.
మనమేం తక్కువ?
మా నాయన బేనీషా అనేవాడు, నీలం అనేవాడు,
మల్గోబా అంటే గొంతు తగ్గించేవాడు.
చిలకముక్కుతో పుట్టిన ఈ కాయని మాత్రం
బెంగుళూరా అన్నాడు చచ్చేదాకా,
బెంగుళూరు ఒక్కసారీ చూడకుండా.
పద్యం చెప్పే అయ్యవారికి ఇది మావి,
దామలచెరువు మండీలో మామిడి,
నా కాటా పుస్తకంలో సరుకు.
డబ్బా మూత బిగిసినాక
మళ్ళీ మాంగాయ్,
దొరల నోట్లో నానొచ్చిన మాంగాయ్.

మూడో రాత్రి.
టోకెన్లు అయిపోయినాయని గేటుకి కాగితం అంటించినారు.
తవణంపల్లె చెంగల్రాయుడు
ట్రాక్టరు కింద గోనెపట్ట పరుచుకుని పండుకున్నాడు.
వచ్చినరోజు కిలో ఆరు, నిన్న నాలుగు,
ఈ పొద్దు ఎంతో చెప్పేవాడే లేడు.
కోత కూలి ఆయన తల దగ్గరే కూర్చోనుంది.
తొట్టి అడుగున కాయ నీరై
బొట్టుబొట్టుగా తారు మీద.

కుళ్ళే కాయకి ఇంగ్లీషులో
వేరే మాటేమైనా ఉందా అని వెతికాను.
లేదు.
అది ఏ ఓడా ఎక్కలేదు మరి.

తెల్లారగట్ల ఇంజను చప్పుడు.
బండి వెనక్కి తిప్పి, కాటాకి ఎదురుగా
కల్వర్టు పక్కన తొట్టి ఎత్తేశాడు.
నాలుగు టన్నుల పసుపు
గుట్టగా, తర్వాత ఏరుగా,
తినీ తినీ విసిగిన ఆవులు
మొహం తిప్పుకుని పొయ్యే పసుపు.

హైవే జీపు ఆగింది.
కానిస్టేబులు టార్చి కొట్టి అడిగినాడు:
"ఎవురివి ఇవి?"

చెంగల్రాయుడు తువ్వాలుతో
చేతులు తుడుచుకున్నాడు, వేలు వేలుకీ.
కాయల పక్కే చూస్తా నిలబడ్డాడు.
కాటా గది కిటికీ దాకా వినిపించింది.

"మావి."